దైవపిలుపు: స్వేచ్ఛకు కంచె వేసిన చరిత్ర

దేవుడు తనను మఠజీవితానికి పిలుస్తున్నాడని ఒకరికి అనిపించినప్పుడు, అది నిజమైన పిలుపేనని తేల్చేదెవరు? ఈ ప్రశ్నకు కతోలిక శ్రీసభ జవాబు వెతుక్కోవడానికి శతాబ్దాలు పట్టింది.

మూడో శతాబ్దపు ఈజిప్టులో పునీత అంతోనివారు గుడిలో మత్తయి సువిశేషం విన్నారు. ఆస్తి అమ్మి పేదలకు పంచమని ధనిక యువకుడితో క్రీస్తు ప్రభువు అన్న మాట తనకే చెప్పినట్టు తోచింది. ఉన్నదంతా వదిలి ఏకాంత తపస్సుకు పూనుకున్నారు.

ఆరో శతాబ్దం నాటికి ఆ తపన ఒక్కటే చాలదని తేలింది. పునీత బెనెడిక్టువారి నియమావళి 58వ అధ్యాయం ప్రకారం, వచ్చినవారిని వెంటనే చేర్చుకోకూడదు. నాలుగైదు రోజులు వాకిట ఓపిక పట్టినవారికే ప్రవేశం. ఆపై ఏడాదిలో మూడుసార్లు నియమావళి చదివి వినిపించాలి. పాటించలేననుకున్నవారు నిరభ్యంతరంగా వెళ్లిపోవచ్చు. కానీ ఆ మరుసటి అధ్యాయమే పసిబిడ్డలను మఠానికి సమర్పించే హక్కు తల్లిదండ్రులకు ఇచ్చింది. 633లో టొలేడో మేత్రాణుల సభ, తండ్రి భక్తితో సమర్పించినా ఆ బిడ్డ సన్యాసి అయినట్టేనని తీర్మానించింది. 12వ శతాబ్దంలో సిస్టర్షియన్ సన్యాసులు ఈ ఆచారాన్ని తిరస్కరించారు. ఇంటివారి పట్టుదల మరోలానూ ఉండేది. 1244లో దొమినికన్ సభలో చేరిన తోమాసు అక్వీనాసువారిని సొంత కుటుంబమే బంధించింది.

మనసు లోపలి కదలికలను చదవడం నేర్పినవారు లొయోలా ఇగ్నేషియసు. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి మంచాన పడ్డారు. వీరగాథల ఊహలు అప్పటికి హాయిగా ఉన్నా తర్వాత మనసును శుష్కంగా మిగిల్చేవి. పునీతుల బాటన నడవాలన్న తలపు మాత్రం ఆనందాన్ని మిగిల్చేది. ఈ తేడాను గమనించడమే ఆయన ‘ఆధ్యాత్మిక సాధనల’కు మూలం. 1548లో మూడవ పౌలు పాపుగారు ఆ గ్రంథాన్ని ఆమోదించారు.

1563లో ట్రెంట్ మహాసభ ఈ స్వేచ్ఛకు చట్టంతో కాపు కాసింది. 16 ఏళ్లు నిండకుండా, ఏడాది శిక్షణ లేకుండా చేసిన మాటపట్టు (సన్యాస వ్రతం) చెల్లదంది. మఠంలో చేరే కన్యల ఇష్టాన్ని మేత్రాణులు విచారించాలంది. ఆడపిల్లను బలవంతంగా మఠంలో చేర్చినవారిని శాపగ్రస్తులుగా ప్రకటించింది.

1912లో రోము మరో సందేహం తీర్చింది. గురుత్వానికి లోపలి ఆకర్షణ తప్పనిసరి కాదనీ, సరైన ఉద్దేశం, యోగ్యత, మేత్రాణుల పిలుపు ముఖ్యమనీ చెప్పింది. 1964లో రెండవ వాటికన్ మహాసభ పరిశుద్ధతకు పిలుపు అందరిదీ అని ప్రకటించింది. కాబట్టి గృహస్థ జీవితం ఎంచుకున్నవారు పిలుపును కాదన్నవారు కారు. 1983 నాటి శ్రీసభ చట్టం నొవిషియేట్‌ అనే తొలి శిక్షణకు 17 ఏళ్లు, శాశ్వత మాటపట్టుకు 21 ఏళ్లు కనీస వయసుగా నిర్ణయించింది. మధ్యలో కనీసం మూడేళ్ల తాత్కాలిక మాటపట్టు ఉండాలి.

ఈ చరిత్ర మన తెలుగు విశ్వాసుల ఇళ్లకూ పాఠమే. బిడ్డను దేవునికి మొక్కుకున్న తల్లిదండ్రులారా, ప్రార్థించండి, ప్రోత్సహించండి. నిర్ణయాన్ని మాత్రం బిడ్డకే వదిలేయండి. తిరిగి వచ్చేస్తానంటే ఇంటి తలుపు తెరిచే ఉంచండి. స్వేచ్ఛగా ఇవ్వని జీవితాన్ని శ్రీసభే అంగీకరించదు.