నంబర్ వన్ ఓడిన రాత్రి

2018 మార్చి 16, శుక్రవారం. నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరం, స్పెక్ట్రమ్ సెంటర్. హాఫ్ టైమ్. స్కోర్ బోర్డు మీద 21-21.

ఇటు వర్జీనియా యూనివర్సిటీ. 31 గెలుపులు, రెండే ఓటములు. అమెరికా పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ మొత్తానికీ టాప్ సీడ్. అటు మేరీలాండ్ రాష్ట్రపు యూఎంబీసీ. ఆటల కన్నా చదరంగం టీమ్‌తో పేరు తెచ్చుకున్న యూనివర్సిటీ, ఇక్కడ తన విభాగంలో అట్టడుగున, 16వ సీడ్. టోర్నీ 64 జట్లకు పెరిగిన 1985 నుంచి ఆ రాత్రి దాకా ఒకటో సీడ్, పదహారో సీడ్ 135 సార్లు తలపడ్డాయి. 135 సార్లూ ఒకటో సీడే గెలిచింది.

రెండో సగం మొదలైంది. వర్జీనియా డిఫెన్స్‌ని గమనించండి. బంతి పట్టుకున్నవాడి మీదికి ఒక్కడే వస్తాడు. మిగతా నలుగురూ వెనక్కి జరిగి రింగ్ ముందు దారి మూసేస్తారు. లోపలికి దూసుకొచ్చినవాడు ఆ గుంపులో చిక్కుకోవాల్సిందే. ఈ పద్ధతితోనే ప్రత్యర్థులను మ్యాచ్‌కి సగటున సుమారు 53 పాయింట్ల దగ్గర ఆపేసింది. కానీ లోపల ఇంత గట్టిగా కాపు కాస్తే బయట ఖాళీ మిగలక తప్పదు. యూఎంబీసీకి కావలసింది ఆ ఖాళీయే.

అదిగో, యూఎంబీసీ ఆటగాడు కేజే మౌరా. అయిదడుగుల ఎనిమిది అంగుళాలు, 63 కిలోలు. బంతిని నేలకి దగ్గరగా కొడుతూ పొడగరుల మధ్యనుంచి జారిపోతున్నాడు. బంతి జైరస్ లైల్స్ చేతికొచ్చింది. ఒక్క భుజం కదిపి, ఎదుటివాడు అటు వాలగానే ఇటు దూరి రింగ్ దాకా వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు, ఈసారి కాపు కాసేవాళ్లంతా లోపలికి ముడుచుకున్నారు. బయట జో షెర్బర్న్ ఖాళీగా ఉన్నాడు. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే షాట్, త్రీ పాయింటర్! ఆ రాత్రి యూఎంబీసీ 24 త్రీలు వేస్తే 12 పడ్డాయి. లైల్స్ ఒక్కడే 28 పాయింట్లు కొట్టాడు, వాటిలో 23 రెండో సగంలోనే.

ఇక వర్జీనియాను చూడండి, నాకు మరీ బాధగా ఉండేది అక్కడే. వాళ్లది నింపాది ఆట. షాట్ క్లాక్ ఇచ్చే 30 సెకన్లనూ వాడుకుంటూ, మంచి షాట్ దొరికేదాకా ఓపిక పడతారు. ముందున్నప్పుడు అది బలం. కానీ అలా ఆడితే మ్యాచ్‌లో షాట్లు తక్కువైపోతాయి. నాణేన్ని వందసార్లు ఎగరేస్తే బొమ్మా బొరుసూ దాదాపు సమానంగా పడతాయి, పదిసార్లే ఎగరేస్తే ఎటైనా వాలొచ్చు. బలవంతుడికి ఆట పొడుగ్గా సాగాలి, బలహీనుడికి పొట్టిదైతే చాలు. పైగా ఇది నాకౌట్. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో లాగా ఏడు మ్యాచ్‌ల సిరీస్ కాదు, రేపు సరిదిద్దుకునే వీలే లేదు.

వెనకబడేసరికి ఓపిక కరిగిపోయింది. ఆదుకోగలిగిన డియాండ్రే హంటర్ అంతకుముందే మణికట్టు విరిగి ఈ టోర్నీకే దూరమయ్యాడు. తొందర తొందరగా వేసిన త్రీలు రింగ్ అంచుకు తగిలి బయటికొస్తున్నాయి. మొత్తం 22 వేస్తే నాలుగే పడ్డాయి. మ్యాచ్ అంతా కలిపి 53 పాయింట్లు ఇచ్చే డిఫెన్స్, రెండో సగంలోనే 53 ఇచ్చేసింది.

బజర్ మోగింది. 74-54. ఇరవై పాయింట్ల తేడా! చివరి క్షణంలో అదృష్టం కొద్దీ పడిన బంతితో గెలవలేదు యూఎంబీసీ. ఆ రెండో సగంలో అది నిజంగానే మేలైన జట్టు, ఎవరేమన్నా నా తీర్పు ఇదే.

రెండు రోజులకే త్రీలు పడక, కాన్సస్ స్టేట్ చేతిలో 50-43తో యూఎంబీసీ ఇంటిదారి పట్టింది. మరుసటి ఏడాది అదే కోచ్ టోనీ బెనెట్‌తో, అదే నింపాది ఆటతో వర్జీనియా జాతీయ టైటిల్ గెలిచింది.