బొమ్మ తీయుటకు ముందు

మా పట్టణమున నొక సాహిత్య సంఘమువారు ఏటేట ఛాయాచిత్రముల పోటీ నడపుచున్నారు. వృత్తిగా బొమ్మలు తీయువారికి అందు ప్రవేశము లేదు; సరదాకొలది తీయువారికే యది. ఈ యేటి విషయము 'వెలుగు' అని ప్రకటించిరి. మా పాఠశాలలో పదవ తరగతి బాలురు నలుగురు తాము తలచిన చిత్రమును ముందుగా కాగితముపై గీసికొని మా యొద్దకు వచ్చిరి. చీకటి గుడిసె, అందు బుడ్డిదీపము, దీపము ముందర చినిగిన పరికిణీ కట్టుకొని పుస్తకము చదువుచున్న బాలిక - ఇదీ వారి యూహ. గుడిసెకు మా పాఠశాల వెనుకనున్న వంటపాక చాలును. బుడ్డిదీపము మా యింటి యటకమీద దొరకినది. బాలిక మాత్రము కావలసి యుండెను. పాఠశాల నూడ్చు నామె కూతురు ఆరవ తరగతిలో నున్నది; దానిని పిలిచి సంగతి చెప్పితిమి.

ఆ పిల్ల యంతయు విని, "మా ఇంట్లో కరెంటు ఉందండీ మాస్టారూ. పండక్కి కుట్టించిన పరికిణీ కూడా ఉంది. చిరిగింది ఎందుకండీ?" అని యడిగెను.

బాలురు మా మొగము చూచిరి. మాకును తడుముకొనక చెప్పదగిన యుత్తరము తోచలేదు. ఛాయాచిత్రమునకు ముందు ఆలోచన యుండవలెనని వారికి బోధించినవారము మేమే. ఆ యాలోచన యెంతవఱకు కళ, ఎచటినుండి కల్ల? ఈ ప్రశ్న మా పాఠశాలలో పుట్టినది కాదు. దీనికి నూటయరువది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను తెలిసికొనిన పిమ్మటనే మేము ఆ బాలికకు ఉత్తరము చెప్పగలిగితిమి.

మొదట నొక మాట. వస్తువులను, మనుష్యులను తీర్చి కూర్చి బొమ్మ తీయుట ఛాయాచిత్రమునకు తరువాత పట్టిన దోషము కాదు. అది దాని పుట్టుకతోనే వచ్చినది. 1839లో ఫ్రాన్సుదేశమున డాగెర్ పద్ధతి లోకమునకు వెల్లడి యైనప్పుడు ఒక బొమ్మ పలకపై పడుటకు నిమిషములు పట్టెడిది. అంతసేపు మనుష్యుడు కదలరాదు. తల కదలకుండుటకు వెనుకనుండి యినుపకొక్కెము లానించెడివారు. 1851లో ఇంగ్లండున ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకపై తడిమందు పూసి బొమ్మ తీయు విధానమును ప్రకటించెను. దీనితో కాలము తగ్గినది గాని మఱియొక చిక్కు మిగిలెను. ఆ మందు నీలివెలుగును వేగముగ గ్రహించును. కావున నేల చక్కగ వచ్చునప్పటికి ఆకాశము మబ్బు తునుకయైనను లేక తెల్లబోవును. అందుచే నేలకొక పలక, ఆకాశమున కొక పలక తీసి రెంటిని ఒకే కాగితముపై అచ్చువేయు నేర్పు పుట్టినది. అవసరము కొఱకు పుట్టిన యీ నేర్పే పిదప కళగా మాఱినది.

ఈ విద్య మన దేశమునకును వేగముగనే చేరినది. బొంబాయిలో 1854లోను, కలకత్తా చెన్నపట్టణములలో 1856లోను ఛాయాచిత్ర సంఘములు వెలసినవి.

ఆ మఱుసటి యేడే, 1857లో, ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరమున గొప్ప కళాప్రదర్శనము జరిగెను. స్వీడనునుండి వచ్చి ఇంగ్లండున స్థిరపడిన ఆస్కార్ రైలాండర్ అను నాతడు 'జీవితపు రెండు త్రోవలు' అను చిత్రమును అచట నుంచెను. నడుమ నొక వృద్ధుడు ఇద్దఱు యువకులను లోకములోనికి నడిపించుచుండును. ఒకడు ధర్మమువైపును, వేఱొకడు విలాసమువైపును తిరుగుదురు. ఇన్ని పాత్రలను ఒక్కమాఱు నిలిపి తీయుట యసాధ్యము గనుక, ముప్పదికి పైగా పలకలు వేఱువేఱుగ తీసి, ఒక్కొక్కదానిని తగినచోట అచ్చువేసి, ఒకే చిత్రముగ కూర్చెను. విక్టోరియా రాణి దాని ప్రతిని కొనెను. అందలి దిగంబర స్త్రీమూర్తులను చూచి స్కాట్లండులో కొందఱు రోసిరి. కాని యీ చిత్రము జరిగిన సంగతి యని భ్రమించినవా రెవ్వరును లేరు. అది నీతికథ యని చూడగనే తెలియును.

హెన్రీ పీచ్ రాబిన్సన్ కథ వేఱు. 1858లో ఆయన ఐదు పలకలతో కూర్చిన చిత్రము పేరు 'క్రమక్రమముగ నారిపోవుట'. క్షయరోగముతో మంచముపై నొఱగియున్న కన్య, ఆమె చెంత ఇద్దఱు స్త్రీలు, వెన్ను చూపి కిటికీయొద్ద నిలిచిన పురుషుడు - ఇంతే చిత్రము. దీనిని చూచినవారు నొచ్చుకొనిరి. ఇట్టి మరణశయ్య చిత్రలేఖనములలో నెన్నియో కలవు. వాని నెవ్వరు నాక్షేపింపలేదు. కుంచె వ్రాసినది ఊహ యనియు, కెమెరా చూపినది నిజమనియు జనులు నమ్మియుండుటయే దీనికి కారణము. చావుబ్రతుకులలోనున్న యింటిలోనికి కెమెరాతో చొరబడినట్లు వారికి తోచెను. మంచముపైనున్నది ఆరోగ్యవంతురాలగు బాలిక యని తెలిసిన పిమ్మట, తాము మోసపోతిమని మఱికొందఱు కినిసిరి. రాబిన్సన్ ముందుగా రేఖాచిత్రము గీసికొని, అందలి యొక్కొక్క ఖాళీకి తగిన ఛాయాచిత్రమును తీసి నింపెడివాడు. 1869లో తన పద్ధతిని గ్రంథముగ వ్రాసి ప్రకటించెను. మా బాలురు కాగితముపై గీసికొని వచ్చినప్పుడు తామెఱుగకయే యీయన శిష్యులైరి.

మన పల్లెలలో పగటివేషగాడు శక్తివేషము కట్టి వీధి వెంట వచ్చును. పిల్లలు జడిసి తల్లుల చాటున దాగుదురు. పెద్దలు నవ్వి బియ్యము పెట్టుదురు. అతడు మోసగాడని యెవ్వరు ననరు. అది వేషమని అతనికి తెలియును, మనకును తెలియును. కాషాయము కట్టి ఇల్లిల్లు తిరిగి సొమ్ము గుంజువాడు కట్టునదియు వేషమే. కాని యది మనకు తెలియదు. తెలియకపోవుటయే వాని జీవనము. కూర్చిన ఛాయాచిత్రమును కొలువదగిన కొలబద్ద యిదియే. వేషమున్నదా లేదా యని కాదు. వేషమని చూచువారికి తెలిసినదా లేదా యని.

1864 మొదలు జూలియా మార్గరెట్ కామెరాన్ అను నామె తీసిన చిత్రములను ఈ కొలబద్దతో చూడుడు. కలకత్తాలో పుట్టిన యీమెకు నలువదియెనిమిదవ యేట కూతురును అల్లుడును కెమెరాను కానుక యిచ్చిరి. వైట్ దీవిలోని తన యింటియొద్ద కోళ్లగూడును ఖాళీచేయించి, అదియే చిత్రశాలగ చేసికొనెను. ఇంటి దాసిని మేరీమాతగ నిలిపెను; ఇరుగుపొరుగు పిల్లలకు ఱెక్కలు కట్టి దేవదూతలను చేసెను. ఎవ్వరికిని మోసము లేదు. పైగా దాసికి మాతృదేవత పదవి దక్కినది. వేషము మనుష్యుని ఉన్నచోటనుండి పైకెత్తినది.

వేషము క్రిందికి దింపిన కథ యొకటి కలదు. సంస్కరణము కోరువారు దీనిని తప్పక తెలిసికొనవలెను. థామస్ బర్నార్డో అను నాతడు లండను నగరమున దిక్కులేని బాలురకు 1870లో ఆశ్రమము తెఱచెను. 1874 మొదలు అచట ఛాయాచిత్రశాలయు నుండెను. బాలుడు వచ్చినప్పటి చింపిరి రూపమొకటి, ఆశ్రమమున బాగుపడిన రూపమొకటి జంటగ అచ్చువేసి చందాల కొఱకు అమ్మెడివారు. ఉద్దేశము మంచిది, ఫలమును మంచిదే. కాని పిల్లల బట్టలను కావలెనని చింపి, ఉన్నదానికన్న హీనముగ చూపుచున్నారని ఆయనపై నింద వచ్చెను. 1877లో మధ్యవర్తులు విచారణ జరిపిరి. ఆయనపై మోపిన నేరములలో పెక్కింటిని త్రోసివేసిరి గాని, లేని దైన్యమును కల్పించి చూపుట మాత్రము తగదని తీర్పు చెప్పిరి. ఆశ్రమము నిలిచినది, ఆయన పేరిటి సంస్థ నేటికిని పనిచేయుచున్నది. కాని మంచి పని కొఱకైనను చినుగని గుడ్డను చింపి బొమ్మ తీయరాదని యానాడు తేలిపోయినది. మా పాఠశాల బాలిక యడిగిన ప్రశ్నయు నిదియే. మధ్యవర్తులకు దినములకొలది పట్టిన విచారణను అది యొక్క మాటలో ముగించెను.

అట్లైన నేమి చేయవలెను? ఏ యాలోచనయు లేక ఎదుట పడినదానిని తీసికొని పోవలెనా? 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా వచ్చి నూఱు బొమ్మలు వరుసగ తీయుట సులభమైన పిమ్మట చాలమంది యట్లే చేసిరి. నేడు చేతిలోని ఫోనుతో మనమును అదియే చేయుచున్నాము. రెంటికి నడుమ త్రోవ యొకటి కలదు. దానిని చూపినవాడు ఒక పోటీవలననే లోకమునకు తెలిసినవాడు.

లండనులో 'ది అమెచ్యూర్ ఫొటోగ్రాఫర్' అను పత్రిక 1884లో వెలసెను. ఔత్సాహికులు సెలవులలో తీసిన చిత్రములకు 1887లో ఆ పత్రిక పోటీ పెట్టగా, ప్రథమ బహుమానము ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అను అమెరికా విద్యార్థికి వచ్చెను. అప్పుడతడు బెర్లినులో చదువుకొనుచుండెను, ఇరువదిమూడేండ్ల వాడు. ఇటలీలో బెల్లాజియో అను నూర నీటిపట్టున గుమిగూడి నవ్వుచున్న పల్లెపిల్లలే యతని చిత్రము. తీర్పరి పీటర్ హెన్రీ ఎమర్సన్ రాబిన్సన్ పద్ధతికి గట్టి విరోధి. నోర్ఫోకు ప్రాంతపు జాలరులను, రెల్లుకోయువారిని వారి వారి పనులలోనే చిత్రించినవాడు. స్టీగ్లిట్జ్ చిత్రములోని సహజత్వమే ఆయనను మెప్పించినది.

ఈ స్టీగ్లిట్జ్ 1893 ఫిబ్రవరి 22వ తేదీన న్యూయార్కు నగరపు ఐదవ వీధిలో మంచుతుపానులో మూడు గంటలు నిలువబడెను. గుఱ్ఱపుబండి యొకటి తాను కోరినచోటికి వచ్చువఱకు కాచియుండి అప్పుడు బొమ్మ తీసెను. నాలుగేండ్లకు చేతికెమెరాను గుఱించి వ్రాయుచు తన పద్ధతిని చెప్పెను. దాని సారాంశమిది: మనుష్యులను లెక్కలోనికి తీసికొనక ముందుగా స్థలమును ఎన్నుకొనుము, అచటి రేఖలను, వెలుగు పడు తీరును చక్కగ పరిశీలింపుము, పిదప వచ్చిపోవువారిని చూచుచు, అన్నియు సరితూగు క్షణము కొఱకు కాచియుండుము. చూచితిరా! ఆలోచనకు లోటు లేదు. కాని యా యాలోచన తన చూపును సిద్ధపఱచుకొనుట కొఱకేగాని యెదుటి మనుష్యుని వంచుటకు కాదు.

మఱియొక సంగతి మన తెలుగునాట జరిగినది. నిజాము కొలువున చిత్రకారుడైన లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీల కొఱకే వేఱుగ చిత్రశాల నేర్పఱచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతికిచ్చెను. ఘోషా పాటించు స్త్రీలు తమ మర్యాదకు భంగము లేక చిత్రము తీయించుకొనగలుగుటకే యీ యేర్పాటు. ఘోషాను మేము మెచ్చము. అయినను ఎదుటనుండు వ్యక్తికి తన రూపముపై తనకే యధికారమున్నదని గుర్తించి, బొమ్మ తీయుటకు ముందే తగిన యేర్పాటు చేసిన యా తలపు మెచ్చదగినది.

ఇంతవఱకు బాలురకు చెప్పి, ఆ పిల్లను మరల పిలిచి, "వెలుగు అంటే నీకేం గుర్తుకొస్తుందే?" అని యడిగితిమి. అది కొంత యాలోచించి, "పొద్దున్నే మా అమ్మ ఊడుస్తూ మీ క్లాసు కిటికీలు తీస్తుందండీ. అప్పుడు దుమ్మంతా మెరుస్తుంది" అనెను. ఇరువదియేండ్లుగా ఆ గదిలో పాఠము చెప్పుచున్న మేము ఆ దృశ్యమును ఎన్నడు నెఱుగము. మేము వచ్చునప్పటికి దుమ్ము అణగియుండును.

బాలురు ఆమె సమ్మతి నడిగి, మూడు ప్రొద్దులు ఆఱు గంటలకే వచ్చి గదిమూలను కాచియుండిరి. మొదటి రెండు దినములు మబ్బు పట్టినది. మొదటినాడు ఆమె పెండ్లిండ్లకు కట్టుకొను చీర కట్టుకొని వచ్చెను. దినమును కట్టు చీరయైన బాగుండునని యొక బాలుడు గొణిగెను. ఆమె చీర ఆమె యిష్టమని మేమంటిమి. మూడవనాడు ఎండ కాసినది. తూర్పు కిటికీ తలుపు తీయుచున్న యామె చేయి, లోనికి పడిన యెండపట్టి, అందు లేచిన దుమ్ము, ఆ మంచి చీర - అన్నియు వచ్చినవి. చిత్రము క్రింద ఆమె యనుమతితో ఆమె పేరును, ఆమె చేయు పనిని, కోరి నిలిపి తీసినది కాదనియు వ్రాసిరి.

పోటీ ఫలిత మింకను తెలియలేదు. చిత్రమునకు రెండు ప్రతులు వేయించితిమి. ఒకటి సంఘమువారికి పోయినది. రెండవది ఆమె యింటి గోడమీద నున్నది.