ప్రోగ్రెసివ్ మెటల్ డ్రమ్మర్లు: ఎవరు గొప్ప, ఎందుకు?

ప్రోగ్రెసివ్ మెటల్ బయటికి గోలలా వినిపిస్తుంది గానీ లోపల అంతా లెక్కే. మామూలు సినిమా పాట ఎక్కువగా నాలుగు దెబ్బల లెక్కలో పోతుంది. ఇక్కడ ఐదు, ఏడు కలిసొస్తాయి. అమెరికా బ్యాండ్ టూల్ పాట ‘స్కిజమ్’ (2001)లో ఒకసారి ఐదు, వెంటనే ఏడు. డ్రమ్మర్ డానీ కేరీ ఆలోక్ దత్తా దగ్గర తబలా నేర్చుకున్నాడు. ఖండ చాపు, మిశ్ర చాపు తెలిసినవాళ్లకు ఈ పాట కొత్తగా అనిపించదు.

పేరు ఎక్కువ మైక్ పోర్ట్‌నాయ్‌ది. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ కాలేజీ స్నేహితులతో డ్రీమ్ థియేటర్ మొదలుపెట్టాడు. వీళ్ల ‘ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ (1999) ఆరు నిమిషాల పైచిలుకు ఉంటుంది, అందులో తాళం వందసార్లకు పైగా మారుతుంది. 2010లో బయటికెళ్లి, 2023లో తిరిగొచ్చాడు. మధ్యలో వాయించిన మైక్ మాంజినీ తక్కువవాడేం కాదు. బ్యాండ్‌కు 2022లో గ్రామీ తెచ్చిన ‘ది ఏలియన్’లో డ్రమ్స్ ఆయనవే. అయినా చాలామంది అభిమానులు పోర్ట్‌నాయ్ కోసమే చూశారు, పాపం.

అసలు కష్టం స్వీడన్ బ్యాండ్ మెషుగ్గా డ్రమ్మర్ తోమాస్ హాకేది. చెయ్యి నాలుగు లెక్క వదలదు. కాళ్లు గిటార్‌తో కలిసి వేరే లెక్కలో నడుస్తాయి. చాలాసేపటికి గానీ రెండూ ఒకచోట కలవవు. ‘బ్లీడ్’ (2008) ఏడు నిమిషాలూ ఇదే పని.

సినిక్ బ్యాండ్ ‘ఫోకస్’ (1993)లో జాజ్ పద్ధతి తెచ్చిన షాన్ రైనర్ట్ 2020లో 48 ఏళ్లకే చనిపోయాడు. మన దేశం నుంచి స్కైహార్బర్ ఉంది. 2012 ఆల్బమ్‌లో డ్రమ్స్ అనూప్ శాస్త్రివి.

ఎమ్మిగనూరు కుర్రాళ్లందరికీ డ్రమ్ సెట్ కొనే స్తోమత ఉండదు. డప్పు పట్టినవాడికి సిర్ర ఒక పని, సిటికెన పుల్ల ఇంకో పని చేయడం ముందే అలవాటు. నేర్వాల్సింది కాళ్ల పనే. దానికి కుర్చీ, గచ్చు నేల చాలు.