ఒక్క అన్నం చాలదా అమ్మా?

మొన్న మా చిన్నదానికి బళ్లో చార్టు చేయమని హోంవర్కు ఇచ్చారు. ఆహారం మూడు రకాలు: శక్తినిచ్చేవి, శరీరాన్ని పెంచేవి, రోగాల నుంచి కాపాడేవి. హిమాయత్‌నగర్ మెయిన్ రోడ్డు మీద స్టేషనరీ షాపులో బొమ్మల షీటు కొనుక్కొచ్చి, ఇద్దరం హాల్లో కూర్చుని కత్తిరించి అంటించాం. పాలకూర, గుడ్డు, కందిపప్పు, జామకాయ అన్నీ బుద్ధిగా ఎవరి గడిలో వాళ్లు కూర్చున్నారు. మర్నాడు చార్టు బడికి వెళ్లింది, సాయంత్రం లంచ్ బాక్సు ఇంటికొచ్చింది. పెరుగన్నం గిన్నె ఖాళీ. బీరకాయ కూర పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆ నెలలోనే డాక్టరుగారు దానికి రక్తం తక్కువగా ఉందని ఐరన్ సిరప్ రాసిచ్చారు. అందుకే నేను కాస్త గట్టిగానే కేకలేశాను. ఆరేళ్ల పిల్ల, చార్టు చేసిన ధీమాతో, "అన్నం శక్తినిస్తుందని మనమే అంటించాం కదా. ఒక్క అన్నం చాలదా అమ్మా?" అంది.

"చాలదు, తిను" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. అసలు ఎందుకు చాలదు? ఈ మూడు గళ్లు ఎవరు గీశారు? పిల్లలు పడుకున్నాక రోజూ కొంచెం కొంచెం చదవడం మొదలుపెట్టాను. ఒక్క అన్నం చాలదని లోకం తెలుసుకున్న కథలో మన తెలుగువాళ్ల కంచమే ఉందని అప్పుడు తెలిసింది.

మా అత్తగారిది కాకినాడ వైపు. ఆ కోస్తా జిల్లాలను ఇంగ్లీషువాళ్ల కాలంలో ఉత్తర సర్కారులు అనేవారు. 1835లో మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు మద్రాసులో ఒక పుస్తకం అచ్చువేశాడు, బెరిబెరి అనే జబ్బు గురించి. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, ఒళ్లు వాస్తుంది, చివరికి గుండె ఆగిపోతుంది. ఆ జబ్బు ఉత్తర సర్కారుల్లో ఎక్కువగా ఉందని ఆయన రాశాడు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

కారణం చూపించినవి కోళ్లు. 1890లలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం తిన్న కోళ్లు కాళ్లు చచ్చుబడి పడిపోవడం, తవుడు పెడితే తిరిగి లేవడం గమనించాడు. బియ్యం పైపొరలో, మొలకలో ఉండే బి1 విటమిన్ తవుడుతో పాటే పోతుందని తర్వాత తేలింది. ఆ పనికి 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి తమిళులూ బియ్యమే తింటారు కదా, జబ్బు మనవాళ్లకే ఎందుకు ఎక్కువ? 1940లో ఐక్రాయిడ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు బియ్యం గురించి రాసిన పుస్తకంలో దీనికి జవాబు దొరుకుతుంది. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లను నానబెట్టి ఉడికిస్తే పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మిల్లు పట్టినా అంతా పోదు. మన సర్కారు జిల్లాలవాళ్లకు పచ్చిబియ్యమే ఇష్టం. అదీ తెల్లగా, మల్లెపువ్వులా ఉండాలి. ఆపైన మూడు నాలుగు సార్లు కడగడం, గంజి వార్చడం. నీళ్లలో కరిగిపోయే విటమిన్ కదా, మిగిలింది కూడా అక్కడే పోయేది. మా అత్తగారికి ఇది చదివి వినిపిస్తే నవ్వేశారు. "అయితే తవుడూ, కడుగూ, గంజీ అంతా కుడితి గోళెంలోకే వెళ్లేవి అమ్మాయ్. బలం మొత్తం గేదెకే పెట్టామన్నమాట" అన్నారు.

తర్వాతి పేరా చదివేటప్పుడు మాత్రం ఇద్దరం నవ్వలేదు. తల్లి తిండిలో బి1 లేకపోతే ఆమె పాలలోనూ ఉండదు. అలాంటి పాలు తాగే పసివాళ్లు, చూడ్డానికి బొద్దుగానే ఉండి, రెండు మూడు నెలల వయసులో గంటల్లో చనిపోతారు. బెరిబెరి ఉన్న ఈ ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద ఐక్రాయిడ్, కృష్ణన్ 1941లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. బాలింతకు పథ్యం పేరుతో పప్పూ కూరా మానిపించి చారన్నం పెట్టే ఇళ్లు మనకు కొత్త కాదు. మా అత్తగారి అమ్మమ్మకు ఎనిమిది కాన్పులైతే నలుగురు మిగిలారట. మిగతా నలుగురూ దీనివల్లే పోయారని నేను అనను. కానీ అత్తగారు ఆ పూట చాలాసేపు మాట్లాడలేదు.

ఐక్రాయిడ్ పనిచేసిన పరిశోధనశాల 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి మీద పరిశోధనకే దాన్ని పెట్టాడు. ఆయన ఎలుకలకు మనదేశంలో ఒక్కో ప్రాంతం భోజనం పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు కలిసిన పంజాబు సిక్కుల భోజనం తిన్నవి బాగా ఎదిగాయి. తెల్లన్నం ఎక్కువ, పక్కన కూరా పాలూ తక్కువగా ఉండే దక్షిణాది భోజనం తిన్నవి వెనకబడ్డాయి.

ఆ పరిశోధనశాల 1958లో మన హైదరాబాదుకే వచ్చింది. అదే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఆ పేరు 1969లో వచ్చింది. మా ఇంటి నుంచి విద్యానగర్ మీదుగా ఉస్మానియా యూనివర్సిటీ దాటితే తార్నాక. ఎన్నిసార్లు ఆ బోర్డు ముందు నుంచి వెళ్లానో. మా చార్టులో గళ్లకూ ఆ గేటుకూ సంబంధం ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడికి వచ్చాక వాళ్లకు ఎదురైంది ఇంకో రకం కంచం. అది మా పుట్టింటి కంచం. మాది పాలమూరు. గట్క, అంబలి, జొన్నరొట్టె. జొన్న బలమైన తిండే. కానీ పప్పూ, పాలూ, మాంసమూ కొనలేక పొద్దున, రాత్రి జొన్న ఒక్కటే తినే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లగా పొరలు కడుతుంది, విరేచనాలు, ముదిరితే మతి చెదురుతుంది. అది నియాసిన్ అనే ఇంకో బి విటమిన్ లోటు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ దీనికి ఒక కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతియా అనే ఇక్కడి శాస్త్రవేత్తలు 1960లో ప్రకటించారు.

ఈ రోజుల్లో తెల్లన్నం విషమనీ, చిరుధాన్యాలే అమృతమనీ ఫోన్‌లో రోజుకు పది వీడియోలు వస్తాయి. మా రెండు వైపుల కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే బియ్యమూ చెడ్డది కాదు, జొన్నా చెడ్డది కాదు. కంచంలో ఒక్కటే ఉండటమే చెడ్డది. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూచనలూ చివరికి ఇదే చెబుతాయి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండాలట. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదట.

గళ్లు గీయడం కూడా పిల్లల కోసమే మొదలైందని చదివి సంతోషమేసింది. అమెరికాలో 1916లో కరోలిన్ హంట్ అనే ఆవిడ చిన్నపిల్లల తిండి గురించి తల్లుల కోసం ఒక చిన్న పుస్తకం రాసి, ఆహారాన్ని ఐదు రకాలుగా విడదీసింది. ఏది మంచి ఏది చెడు అని కాదు, ఈ పూట ఏ రకం తగ్గిందో అమ్మ సులువుగా చూసుకోవడానికి.

ఇక మా వంటింటి సంగతి. బక్కచిక్కిన పేదపిల్లల కోసం ఈ సంస్థవాళ్లు ఇంట్లో ఉండే వాటితోనే ఒక పొడి తయారుచేశారు. దాని పేరే హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేయించిన పల్లీలు 10, బెల్లం 20. ఇవి పొడి కొడితే 86 గ్రాములు వస్తుంది. అందులో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. చార్టులో మొదటి రెండు గళ్లు ఒకే గిన్నెలోకి వచ్చేశాయి. నేను మిక్సీ పట్టి, చెంచాడు నెయ్యి వేసి ఉండలు చుట్టాను.

చుట్టేటప్పుడు చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కోళ్ల కథ చెప్పాను. తవుడు తిని కోడి లేచి నిలబడే చోట మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత కాసేపు ఆలోచించి, "ఆ కోళ్లకి వేరేది పెట్టలేదు కాబట్టి అవి తినలేదు. నాకు పెట్టినా నేను తినట్లేదు" అంది. నేను ఆ మాట అనలేదు, అనిపించనూ లేదు.

ఒక్క కథతో పిల్లలు మారిపోతారని నేను చెప్పను. రెండు ఉండలు తింది. ఐరన్ సిరప్ మానలేదు, డాక్టరుగారు చెప్పినన్ని రోజులూ వేస్తున్నాను. బీరకాయ కూర ఇప్పటికీ సగం తిరిగొస్తోంది. పాలకూర పప్పు మాత్రం, నిమ్మకాయ పిండితే, నాలుగు ముద్దలు లోపలికి వెళ్తోంది. నిమ్మరసం ఆకుకూరలోని ఐరన్‌ను ఒంటికి పట్టేలా చేస్తుందని అదనపు సంతోషం నాకు.

నిన్న అన్నం ముందు కూర్చుని తనే అడిగింది, "అమ్మా, ఇవాళ ఏ గడి తగ్గింది?" అని. చూస్తే నా కంచంలోనే ఆవకాయ, అన్నం తప్ప ఏమీ లేవు. లేచి వెళ్లి నేనూ కాస్త పప్పు వేసుకున్నాను.