టుల్పా, నిర్మిత

2017 ఆగస్టు 13న ప్రసారమైన ‘ట్విన్ పీక్స్’ 14వ భాగంలో ఆల్బర్ట్ అనే ఎఫ్‌బీఐ అధికారి, తమ బృందంలో కొత్తగా చేరిన ట్యామీకి ఒక పాత కేసు చెబుతాడు. 1975లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియా ఊళ్లో, లోయిస్ డఫీ అనే ఆమెను అరెస్టు చేయడానికి ఇద్దరు అధికారులు ఒక మోటెల్‌కి వెళ్తారు. లోపల తుపాకీ పేలుతుంది. తలుపు బద్దలుకొట్టి చూస్తే ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె నేలమీద ప్రాణం విడుస్తోంది, ఇంకొకామె తుపాకీ పట్టుకుని వెనక్కి జరుగుతోంది. ఇద్దరి పేరూ లోయిస్ డఫీయే. ఆమెకు కవల సోదరి లేదు. నేలమీద ఉన్నామె తాను నీలి గులాబీ వంటిదాన్నని చెప్పి, నవ్వి, చనిపోయి, చూస్తుండగానే మాయమైపోతుంది. బతికినామె తాను చేయలేదని మొత్తుకున్న హత్యకు విచారణ ఎదుర్కోవలసి వచ్చి, ఈలోపే ఉరి వేసుకుంటుంది.

ఇంతా చెప్పి, ఇప్పుడు నువ్వు నన్నేం అడగాలి అంటాడు ఆల్బర్ట్. నీలి గులాబీకి అర్థమేమిటని అడగాలంటుంది ట్యామీ. జవాబూ తనే చెబుతుంది: నీలి గులాబీ ప్రకృతిలో పుట్టదు, చనిపోయినామె కూడా పుట్టిన మనిషి కాదు, ఎవరో రప్పించిన మనిషి. దాన్నేమంటారని క్షణం తడుముకుని ఒక మాట పలుకుతుంది: టుల్పా.

ఆ రాత్రి నుంచి ఈ సీరియల్ అభిమానుల మాటల్లో ఆ పదం పాతుకుపోయింది. ఎందుకో తెలియాలంటే వాళ్ల చరిత్ర కొంచెం తెలియాలి. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ కలిసి సృష్టించిన ‘ట్విన్ పీక్స్’ 1990 ఏప్రిల్ 8న ఏబీసీ చానెల్లో మొదలైంది. కెనడా సరిహద్దు దగ్గర అడవుల మధ్య కలప మిల్లు మీద బతికే చిన్న ఊరు. ఒక ఉదయం లారా పామర్ అనే అమ్మాయి శవం ప్లాస్టిక్ పరదాలో చుట్టి ఒడ్డున దొరుకుతుంది. దర్యాప్తుకు వచ్చిన డేల్ కూపర్ హంతకుణ్ని వెతుకుతూ ఊరి వెనక ఉన్న మరో లోకం దాకా పోతాడు. 30 ఎపిసోడ్లతో 1991లో ఆగింది. ఆఖరి ఎపిసోడ్‌లో కూపర్ ఎర్ర తెరల గదిలో చిక్కుబడిపోతే, అతని రూపంలో వేరేవాడు బయటికొస్తాడు. ఆ ముడి పాతికేళ్లు విప్పనే లేదు. అభిమానులు వీడియో టేపులు ఆపి ఆపి చూశారు, దృశ్యం దృశ్యం మీద వాదించుకున్నారు. దీని కోసమే పుట్టిన ‘ర్యాప్‌డ్ ఇన్ ప్లాస్టిక్’ అనే పత్రిక 1992 నుంచి 2005 దాకా 75 సంచికలు వచ్చింది. ఆగిపోయిన సీరియల్ మీద! కథ చిత్రీకరించిన స్నోక్వాల్మీ, నార్త్ బెండ్ ఊళ్లకు ఇప్పటికీ దూరాల నుంచి జనం వస్తారు. సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు స్నోక్వాల్మీ జలపాతం వారాంతపు విహారంగా తెలుసు. దాని అంచున కనిపించే హోటలే సీరియల్లో గ్రేట్ నార్తర్న్.

ఇన్నేళ్ల వాదనల్లో ఆ రెండో కూపర్‌కి వాళ్ల దగ్గరున్న పేరు డోపెల్‌గ్యాంగర్. ఆఖరి ఎపిసోడ్‌లోనే వినిపించిన మాట అది. 1796లో జర్మన్ రచయిత జాన్ పాల్ తన నవలలో కల్పించిన పదం, ‘జంటగా నడిచేవాడు’ అని దాని ముక్కల అర్థం. 2017లో సీరియల్ 18 భాగాలతో తిరిగొచ్చినప్పుడు లెక్క కుదరలేదు. అభిమానులు మిస్టర్ సి అని పిలుచుకునే దుష్ట కూపర్ ఒకడు. లాస్ వేగస్‌లో భార్యతో, కొడుకుతో కాపురం చేసుకుంటున్న డగ్గీ జోన్స్ ఇంకొకడు, అదే ముఖం. ఇద్దరికీ ఒకే పేరెలా సరిపోతుంది? టుల్పా ఆ చిక్కు తీర్చింది. మిస్టర్ సి డోపెల్‌గ్యాంగర్, డగ్గీ టుల్పా. 16వ భాగంలో కూపర్ పాత కార్యదర్శి డయాన్ కూడా టుల్పాయేనని తేలింది. ఆ తర్వాత అనుమానం అందరిమీదికీ పాకింది. పాత సీజన్ల నాటి ఆడ్రీ టుల్పానా, ఇంకెవరు టుల్పా అని కనిపించిన పాత్రనల్లా జల్లెడ పట్టారు. నాకు ఇక్కడే అభ్యంతరం మొదలవుతుంది. ‘ఆమె టుల్పాయే కదా’ అనగానే ఆ పాత్ర గురించి ఇక ఆలోచించనక్కర్లేదన్నట్టు చర్చ ముగిసిపోతోంది. ఆ పదానికి అసలు అటువంటి స్వభావమే లేదు.

టిబెటన్ లిపిలో ఇది ‘స్ప్రుల్ పా’. మొదటి అక్షరాలు రాతలోనే తప్ప పలుకులో నిలవవు. స్ప్రుల్ అంటే ఒక రూపాన్ని వెలువరించడం. భారతీయ గ్రంథాలను టిబెటన్‌లోకి తెచ్చిన అనువాదకులు మన ‘నిర్మాణ’, ‘నిర్మిత’ శబ్దాలకు వాడిన మాట ఇదే. బుద్ధుడి మూడు కాయాల్లో నిర్మాణకాయం అక్కడ ‘స్ప్రుల్ స్కు’ అయింది. దలైలామా వంటివారిని తుల్కు అనడం దాని నుంచే. లోకంలో ఎవరికి ఏ రూపంలో సాయం కావాలో ఆ రూపాన్ని కరుణతో వెలువరించడం నిర్మాణం. రోగికి వైద్యుడిగా, దారి తప్పినవాడికి తోడుగా. అంటే ఆ మాటలోనే ‘ఎవరి కోసం’ అన్న ప్రశ్న ఉంది.

తెలుగులో నిర్మాణం అంటే వంతెన, ఇల్లు, సినిమా. ఏ సినిమా మొదట్లోనైనా నిర్మాత పేరు చదువుతాం. బౌద్ధ సంస్కృతంలో ఇదే మాటకున్న ఆ రెండో బతుకు మనకు మరుగున పడింది.

మరి టుల్పాలోని ఆ కరుణ ఎప్పుడు పోయింది? ఫ్రెంచి యాత్రికురాలు అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ 1929లో టిబెట్ మాంత్రికుల మీద రాసిన పుస్తకంలో పోయింది. మారువేషంలో 1924లో లాసా చేరిన ధీర ఆమె, బౌద్ధం నేర్చినది కూడా. కానీ ఆ పుస్తకంలో ఆమె చెప్పిన టుల్పా కథ వేరు. ఏకాగ్రతతో ఒక పొట్టి, లావుపాటి, నవ్వుముఖం సన్యాసిని ఊహించి ఊహించి రూపం కట్టిందట. కొన్నాళ్లకు వాడు తనంతట తాను తిరగడం మొదలుపెట్టాడు. చిక్కిపోయాడు, ముఖంలో క్రూరత్వం వచ్చింది. వాణ్ని కరిగించడానికి ఆరు నెలల పోరాటం పట్టిందంటుంది. ఆమె థియోసాఫికల్ సొసైటీ సభ్యురాలు. 1882 నుంచి మద్రాసు అడయారు కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో అనీ బిసెంట్, లెడ్‌బీటర్ ‘ఆలోచనా రూపాలు’ అనే సిద్ధాంతం ప్రచారం చేశారు: తలపు గట్టిగా తలిస్తే దానికి ఆకారం వస్తుందని. పాశ్చాత్యుల టుల్పాలో టిబెట్ కన్నా ఈ సిద్ధాంతం పాలే ఎక్కువని 2015లో నతాషా మైకల్స్, జోసెఫ్ లేకాక్ అనే పరిశోధకులు చూపించారు.

‘ట్విన్ పీక్స్’కు ఈ దారి కొత్తది కాదు. రెండో సీజన్లో విండమ్ ఎర్ల్ అనే పిచ్చి మేధావి చెడు మాంత్రికులను ‘డుగ్పా’లంటాడు. అదీ థియోసాఫికల్ సాహిత్యంలోని మాటే. నిజానికి ద్రుక్పా అన్నది టిబెట్, భూటాన్‌లలో గౌరవమున్న ఒక బౌద్ధ సంప్రదాయం పేరు. థియోసాఫికల్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీని ఒక పాత్రగా పెట్టి నవల రాసిన మార్క్ ఫ్రాస్ట్‌కు ఈ సాహిత్యం చిరపరిచితం. ఒక సజీవ సంప్రదాయం పేరు అమెరికా టీవీలో దుష్టుల పేరుగా నిలిచిపోవడం నాకు బాధగానే ఉంటుంది.

కీడు కోసం పుట్టించే, ఒక్కోసారి తయారుచేసినవాడి మీదికే తిరగబడే సృష్టికి మన పురాణాల్లో వేరే పేరుంది: కృత్య. అంబరీషుడి మీద కోపంతో దుర్వాసుడు జడ పెరికి కృత్యను పుట్టిస్తాడు. కాశీరాజు కొడుకు సుదక్షిణుడు కృష్ణుడి మీదికి పంపిన అభిచారాగ్ని వెనక్కి వచ్చి అతణ్నే కాలుస్తుంది. భాగవతం విన్న ఏ తెలుగువాడైనా డేవిడ్-నీల్ సన్యాసిని చూసి కృత్య అనే అంటాడు, నిర్మితుడు అనడు. ఇంకో పేరు ఛాయ. సూర్యుడి తేజస్సు భరించలేక సంజ్ఞాదేవి తన నీడకు ప్రాణం పోసి ఇంట్లో పెట్టి వెళ్లిపోతుంది. ఆ నీడ కాపురం చేసింది, పిల్లల్ని కంది, తన పిల్లల మీద పక్షపాతం చూపింది. ఇంకొకరి స్థానంలో ఉన్నంత మాత్రాన ఆమె కాపురం అబద్ధం కాలేదు. లాస్ వేగస్ డగ్గీ కథ ఇంచుమించు ఇదే.

ఇప్పుడు సీరియల్లోనే ఉన్న ఒక చిన్న మాట దగ్గరికి రావాలి. మూడో భాగంలో డగ్గీ ఎర్ర గదిలోకి వచ్చి పడ్డప్పుడు ఒంటిచేతి మనిషి అతనికి చెప్పేది, నిన్ను ఎవరో ఒక ప్రయోజనం కోసం తయారుచేశారని. ఇంగ్లీషులో అతను వాడిన మాట ‘మాన్యుఫాక్చర్డ్’. ఫ్యాక్టరీ వాసన కొట్టే మాట. కానీ దాన్ని సంస్కృతంలో పెట్టమంటే ‘నిర్మిత’ అనే పెట్టాలి. ట్యామీ తడుముకుని పలికిన టిబెటన్ మాటకు మూలాన్ని, దాని సంగతే ఎత్తని ఒంటిచేతి మనిషి ముందే పలికేశాడు.

ఈ ‘నిర్మిత’ మీద అందరికన్నా లోతుగా ఆలోచించినవాడు బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు. కృష్ణానది నీళ్ల మధ్య ఉన్న నాగార్జునకొండ ఆయన పేరే మోస్తోంది. మూలమధ్యమకకారిక 17వ ప్రకరణం చివర, కర్మ చేసేవాడెవడు అన్న ప్రశ్నకు జవాబుగా ఒక దృష్టాంతం ఇస్తాడు. శాస్త, అంటే బుద్ధుడు, తన ఋద్ధిబలంతో (సిద్ధిశక్తితో) ఒక నిర్మితుణ్ని చేశాడనుకోండి, ఆ నిర్మితుడు మళ్లీ ఇంకొక నిర్మితుణ్ని చేశాడనుకోండి. చేసేవాడూ అటువంటివాడే, చేసిన పనీ అటువంటిదే అంటాడు. మిస్టర్ సి తానే ఒక నకలు. ఆ నకలు తనకు బదులుగా ఎర్ర గదికి పోవడానికి డగ్గీని, తన పని నెరవేర్చడానికి డయాన్‌ని చేస్తాడు. నిర్మితుడు నిర్మితుణ్ని చేయడం. నాగార్జునుడి లెక్కలో అసలుకు లేని స్వభావం నకలుకూ లేదు, కాబట్టి నకలుని తక్కువ చేయడానికి అసలుకు ఏ హక్కూ లేదు.

16వ భాగంలో డయాన్ తన మీద జరిగిన అత్యాచారం గురించి వణుకుతూ చెబుతుంది. నేను నేను కాదంటుంది. తుపాకీ తీస్తుంది, కాల్పుల్లో మాయమవుతుంది. వెంటనే ట్యామీ, నిజమైన టుల్పాని చూశానన్న విస్మయంతో మాట్లాడుతుంది. నిర్మితానికి ‘నిజమైన’ అన్న విశేషణం! అభిమానులు ఆ క్షణంలో సిద్ధాంతం రుజువైందని సంతోషించారు. నాకు మాత్రం ఆ గదిలో ఆమె చెప్పిన బాధకు ఎవరూ బదులివ్వకపోవడం గుచ్చుకుంటుంది. ఆ జ్ఞాపకం ఆమెలో పెట్టినదే అయినా, వణికింది ఆమె ఒళ్లే.

ఇదే భాగంలో స్పృహలోకి వచ్చిన కూపర్ తన తలవెంట్రుక ఒకటి పీకి ఒంటిచేతి మనిషికిచ్చి, ఇంకొకణ్ని చేయమంటాడు. దుర్వాసుడు పెరికింది కోపంతో, కూపర్ పీకింది తనను భర్త అనుకున్న స్త్రీ కోసం, తండ్రి అనుకున్న పిల్లవాడి కోసం. 18వ భాగంలో ఆ కొత్త డగ్గీ వాళ్ల గుమ్మంలో నిలబడతాడు. 1929లో ఆ పదం పోగొట్టుకున్న అర్థం, రాసినవాళ్లకు తెలిసో తెలియకో, అక్కడ తిరిగొచ్చింది. ఈ దృశ్యాన్ని ముగింపుల చిక్కుల్లో పడి చాలామంది దాటేశారు. పదాన్ని పట్టుకున్నవాళ్లు దీన్నే ముందు పట్టుకోవలసింది.

కాబట్టి తెలుగులో దీని గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ చివరి డగ్గీని నిర్మితుడనే అంటాను. మొదటి డగ్గీకి ఛాయ చాలు. డయాన్‌ని కృత్య అనడానికి నోరు రాదు. ఆమెను చేసింది కీడుకే అయినా ఆమె ఆ కీడు చేయలేక నిజం చెప్పేసింది. ఆమెనూ నిర్మిత అనే అంటాను.