హెచ్ఐవీ ఉన్నవారికి రోజూ యాంటీబయాటిక్ గోలీ ఎందుకు? మందుకు లొంగని బ్యాక్టీరియా సంగతేంటి?

జ్వరం వచ్చిందని మెడికల్ షాపుకెళ్లి సొంతంగా యాంటీబయాటిక్స్ కొనుక్కుని వాడొద్దని డాక్టర్లు పదే పదే చెబుతుంటారు. అదే డాక్టర్లు హెచ్ఐవీ ఉన్న కొందరికి మాత్రం ఏ ఇన్ఫెక్షన్ లేకపోయినా రోజూ ఒక యాంటీబయాటిక్ గోలీ వేసుకోమంటారు. అది నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగుతుంది. ఇన్నాళ్లు వాడితే మందు పనిచేయకుండా పోదా? మానేస్తే మంచిదా? ఇలాంటి గోలీలు వాడేవారి ఇళ్లలో ఈ డౌట్ రావడం సహజం.

ఏమిటీ గోలీ?

దీని పేరు కోట్రైమాక్సజోల్. సెప్ట్రాన్, బాక్ట్రిమ్ వంటి బ్రాండ్ పేర్లతో చాలామందికి తెలుసు. ఇందులో ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ అనే రెండు మందులు కలిసి ఉంటాయి. బ్యాక్టీరియా బతకాలంటే ఫోలేట్ అనే పదార్థం తయారు చేసుకోవాలి. ఈ రెండు మందులు ఆ తయారీని రెండు దశల్లో అడ్డుకుంటాయి. పెద్దవారికి సాధారణంగా రోజుకు ఒక డబుల్ స్ట్రెంత్ గోలీ, అంటే 160 ఎంజీ, 800 ఎంజీ కలిపినది ఇస్తారు.

ఎందుకు ఇస్తారు?

హెచ్ఐవీ వైరస్ మన రక్తంలోని సీడీ4 కణాలను దెబ్బతీస్తుంది. అవి తగ్గితే మామూలు మనిషిని ఏమీ చేయని సూక్ష్మజీవులు కూడా ప్రాణం మీదకు తెస్తాయి. వాటిలో ముఖ్యమైనది న్యుమోసిస్టిస్ న్యుమోనియా. 1981 జూన్ 5న అమెరికా సీడీసీ వారపత్రిక లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకు ఈ న్యుమోనియా వచ్చిందని రాసింది. ఎయిడ్స్ గురించి వైద్య లోకానికి అందిన మొదటి నివేదిక అదే. కోట్రైమాక్సజోల్ ఈ న్యుమోనియాను, మెదడుకు సోకే టాక్సోప్లాస్మాను, కొన్ని రకాల బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లను రాకుండా ఆపుతుంది.

మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, పద్ధతి ప్రకారం సీడీ4 సంఖ్య 350 కంటే తక్కువ ఉన్నవారికి, జబ్బు ముదిరిన దశలో ఉన్నవారికి దీన్ని ఇస్తారు. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఆరు వారాల వయసు నుంచి మొదలుపెట్టి, బిడ్డకు హెచ్ఐవీ లేదని ఖాయమయ్యే దాకా ఇస్తారు.

మందుకు లొంగని బ్యాక్టీరియా ఎలా పుడుతుంది?

మన పేగుల్లో కోట్లాది బ్యాక్టీరియా ఉంటాయి. రోజూ మందు పడుతుంటే దానికి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. పైగా లొంగని గుణాన్ని మోసే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి పక్కదానికి దూకగలవు. చాలాసార్లు ఒక మందును తట్టుకునే జన్యువు పక్కనే ఇంకో మందును తట్టుకునే జన్యువు కూడా ఉంటుంది. అందుకే ఒక్క గోలీ వాడినా, వేరే యాంటీబయాటిక్స్‌కు కూడా లొంగని బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. ఈ భయం ఉత్తిదేమీ కాదు.

మరి మానేయొచ్చా?

ఈ ప్రశ్నకు జాంబియా మంచి జవాబు ఇచ్చింది. అక్కడ చాలా బ్యాక్టీరియా అప్పటికే కోట్రైమాక్సజోల్‌కు లొంగడం లేదు. ఇంకెందుకు ఇవ్వడమని అనుమానం ఉండేది. రాజధాని లుసాకాలో హెచ్ఐవీ ఉన్న 1 నుంచి 14 ఏళ్ల పిల్లలపై పరిశోధన చేశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి గోలీ తీసుకున్నవారిలో 42 శాతం మంది చనిపోగా, కోట్రైమాక్సజోల్ తీసుకున్నవారిలో 28 శాతం మంది చనిపోయారు. తేడా ఇంత స్పష్టంగా ఉండడంతో పరిశోధనను ముందే ఆపేశారు.

కారణాల్లో ఒకటి తేలికగా అర్థమవుతుంది. న్యుమోసిస్టిస్ బ్యాక్టీరియా కాదు, ఒక రకం ఫంగస్. టాక్సోప్లాస్మా పరాన్నజీవి. బ్యాక్టీరియా మొండికేసినా వీటిపై మందు పనిచేస్తూనే ఉంటుంది.

ఉగాండా, జింబాబ్వేల్లో జరిగిన మరో పరిశోధన 2014లో వచ్చింది. దాదాపు రెండేళ్లుగా ఏఆర్టీ వాడుతున్న పిల్లల్లో కొందరికి ఈ గోలీ ఆపేశారు. ఆపినవారిలో 19 శాతం మంది ఆస్పత్రి పాలవడమో చనిపోవడమో జరిగింది. కొనసాగించినవారిలో అది 13 శాతమే. అక్కడ మలేరియా ఎక్కువ, ఈ మందు మలేరియాను కూడా కొంత అడ్డుకుంటుంది. ఆపడం అన్నిచోట్లా ఒకేలా కుదరదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఎప్పుడు ఆపుతారు?

అవసరం తీరాక ఆపడమే రెసిస్టెన్స్‌కు అసలైన కళ్లెం. ఏఆర్టీ మందులు సరిగ్గా వాడితే సీడీ4 పెరుగుతుంది. ఆరు నెలల తేడాతో రెండుసార్లు చేసిన పరీక్షల్లో 350 దాటి, ఇతర తీవ్ర జబ్బులేవీ లేకపోతే డాక్టర్ ఈ గోలీ ఆపేస్తారు. ఏఆర్టీ మాత్రం ఆపరు, అది జీవితాంతం. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని ఏఆర్టీ మానేస్తే మొదటికే మోసం.

ఇంట్లోవారు గుర్తుంచుకోవాల్సినవి

- గోలీ మొదలుపెట్టడం, ఆపడం రెండూ డాక్టర్ మాట మీదే జరగాలి.
- మిగిలిన గోలీలు ఇంట్లో ఇంకొకరి దగ్గుకో విరేచనాలకో ఇవ్వొద్దు.
- వేరే ఏ జబ్బుకు వెళ్లినా ఈ గోలీ వాడుతున్నామని డాక్టర్‌కు చెప్పాలి. అవసరమైతే కల్చర్ పరీక్ష చేసి, పనిచేసే మందే రాస్తారు.
- సల్ఫా మందులు పడనివారు, జీ6పీడీ లోపం ఉన్నవారు ముందే చెప్పాలి.
- ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే గోలీ ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.
- రంజాన్‌లో ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగానే డాక్టర్‌ను అడగాలి. రోజుకు ఒకసారి వేసుకునే గోలీకి ఇఫ్తార్ లేదా సహర్ టైమ్ కుదురుతుంది. రాత్రి వేళ నీళ్లు బాగా తాగాలి.

హెచ్ఐవీ ఉన్న విషయం ఆ వ్యక్తి ఒప్పుకోకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం అడ్డుకుంటుంది. నలుగురికీ తెలుస్తుందేమోనని భయపడి ఏఆర్టీ సెంటర్‌కు వెళ్లడం మానుకోవద్దు. సందేహాలుంటే నాకో టోల్ ఫ్రీ నంబర్ 1097కు ఫోన్ చేయొచ్చు.