దవడలు లేని చేపలు

దవడలు లేని చేపల్లో నేడు మిగిలినవి లాంప్రేలు, హాగ్‌ఫిష్‌లు మాత్రమే. రెండూ కలిపి సుమారు 120 జాతులు. దవడలున్న చేపల జాతులు 30 వేలకు పైనే కాబట్టి, వీటిని పరిణామంలో వెనకబడినవిగా జమకట్టడం పరిపాటి. వాటి తిండి తీరును గమనిస్తే ఆ అంచనా నిలవదు. సముద్ర లాంప్రే పైకి మన బొమ్మిడాయిలా పొడుగ్గా ఉన్నా, దాని నోరు గుండ్రటి చూషకం. లోపల వలయాలుగా కెరటిన్ పళ్లు, నడుమ గీకే నాలుక. పెద్ద చేప ఒంటికి అతుక్కుని, చర్మాన్ని తొలిచి, రక్తం గడ్డకట్టనివ్వని లాలాజలం వదులుతూ పీలుస్తుంది. నోరు మూసుకుపోయాక ఊపిరి ఎలా? మిగతా చేపలు నోటితో నీళ్లు తీసుకుని మొప్పల గుండా వదిలితే, ఇది తలకు రెండు పక్కలా ఉన్న ఏడేసి మొప్ప రంధ్రాల నుంచే నీళ్లు తీసుకుని, వాటిలోంచే వదులుతుంది. ఇంత పొందికైన ఏర్పాటును లోపమనడం సబబు కాదు.

హాగ్‌ఫిష్‌ది మరో దారి. సముద్రపు అడుగున పురుగులనూ, చచ్చిన చేపలనూ, తిమింగలాల కళేబరాలనూ తింటుంది. మాంసం చీల్చడానికి దవడల బలం లేదు కనుక తోక దగ్గర ఒంటినే ముడివేసి, ఆ ముడిని తల వైపు జరిపి, కళేబరానికి అదిమిపెట్టి వెనక్కి లాగుతుంది. నీటిలో కరిగిన పోషకాలను చర్మం గుండా కూడా పీల్చుకోగలదని 2011లో తేలింది. పీనుగులు తినే జీవి అని చిన్నచూపు చూసేవారికి మరో మాట: న్యూజిలాండ్ జలాల్లో కెమెరాలకు చిక్కిన ఒక హాగ్‌ఫిష్ బొరియలోని బతికున్న చేపను వేటాడుతోంది.

కవచాలున్న పాత దవడలేని చేపలన్నీ డెవోనియన్ యుగాంతానికి అంతరించాయి కదా అన్న అభ్యంతరంలో నిజం లేకపోలేదు. అయితే దక్షిణాఫ్రికాలో దొరికిన సుమారు 36 కోట్ల ఏళ్ల నాటి లాంప్రే శిలాజంలోనూ ఇదే చూషకం ఉంది. పోయినవాటిని లెక్కపెట్టి, ఇంతకాలం నిలిచినదాన్ని వదిలేయడం న్యాయం కాదు. ఇతరుల రక్తం మీద బతకడమూ ఒక బతుకేనా అనడానికీ వీల్లేదు. లాంప్రే లార్వాలు ఏళ్ల తరబడి వాగుల బురదలో ఉండి, నీటిలోని సూక్ష్మ ఆహారాన్ని వడకట్టుకుని తింటాయి. చాలా జాతులు పెద్దయ్యాక అసలు ఏమీ తినవు. గుడ్లు పెట్టి చనిపోతాయి. ఇక రక్తం పీల్చే జాతి సత్తా ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో తెలిసింది. నయాగరా జలపాతాన్ని తప్పించి సాగే వెల్లాండ్ కాలువ గుండా వచ్చిన సముద్ర లాంప్రే 1921లో ఈరీ సరస్సులో కనబడింది. తరువాతి మూడు దశాబ్దాల్లో, మితిమీరిన చేపల వేటకు ఇదీ తోడై, ట్రౌట్ సంపద కుప్పకూలింది. లార్వాలను చంపే మందును 1958 నుంచి అక్కడి వాగుల్లో నేటికీ వాడుతూనే ఉన్నారు.